ఏడుపును మింగిన గోలి

హలో… ఆ, నేనే మేడం, త్రివేణిని. బోధన్ త్రివేణి… బీడీలు జేస్త గదా… ఫోన్ మోగితె చాలు గుండె దడదడ కొట్టుకుంటదని మీ తానికి వచ్చిన… ఆ, గామెనే.

యాద్ పెట్టుకోని చేసిండ్రు, గదే చాలు మేడం. పొద్దుగాల్ల మీ దవఖాన్ల ఫోన్ ఎత్తే హారిస్ భాయ్‌కి చెప్పిన. మేడం లోపట పేషెంట్‌తోని ఉన్నది, ఖాళీ అయితె ఆమెనే చేస్తది అన్నడు. నేను నమ్మలే. డాక్టర్లు ఎక్కడన్న తిరిగి ఫోన్ చేస్తరా అనుకున్న…

లేదు లేదు, ఇప్పుడే చెప్త. మళ్ళ చేస్తనంటె నాకు ధైర్నం ఉండది.

ఇంట్ల లేను మేడం. మాక్లూర్‌ల ఉన్న, మా అక్కోళ్ళింట్ల. ఇంటెనుక సందుల నిలవడి మాట్లాడుతున్న. లోపట మంది ఉన్నరు. వంటాయన గిన్నెలు దించుతున్నడు, గదే సప్పుడు… నా మాట వినవడుతుందా?… సరే.

గోలీల సంగతే మేడం. గా తెల్ల గోలి నాకు వద్దు.

—

ఎందుకంటె… ఏమని చెప్పాలె…

ఆ, నోరెండుతది. పొద్దంత నీళ్ళు తాగినా గంతే… చేతులా? వణుకుతయ్. కత్తెర వట్టుకుంటె ఆకు సక్కగ తెగది. మా పక్కింట్ల జకియా ఆపా ఉంటది, ఇద్దరం ఒక్క అరుగు మీదనే కూసోని బీడీలు జేస్తం. ఆమె నవ్వుతది. నువ్వు ఆకు కత్తిరిస్తున్నవా, ఎలుక లెక్క కొరుకుతున్నవా అని…

నిద్ర సంగతి అడగకుండ్రి. కూసున్న కాడ నిద్రనే. పొయ్యి మీద పాలు పెట్టి నిలవడే నిద్రవోయిన ఒకనాడు.

లేదు మేడం, గవన్నీ ఓర్సుకుంట. మీరు ముందుగాలనే చెప్పిండ్రు గదా, మొదట్ల గిట్ల ఉంటది, మెల్లమెల్లగ తగ్గుతది అని. గవ్వి కాదు. గవ్విటి కోసమైతె మిమ్మల్ని పరేషాన్ జేస్తనా.

—

భయమా?… పోయింది మేడం. అబద్ధం చెప్తె కండ్లు పోతయ్. మీ గోలి పని బరాబర్ చేసింది. మా ఆయన సురేందర్ మస్కట్‌ల ఉన్నడని చెప్పిన గదా. మా గల్లీలాయన ఒకలు అక్కడికెల్లి పెట్టెల వచ్చిండు, సచ్చి. గా పెట్టెను సూసిన కాడికెల్లి, ఫోన్ మోగిందంటె ఇగ సురేందర్ కబురే అనుకుంటుంటి. ఊపిరి ఆడకపోయేది. గోడ వట్టుకోని కిందికి జారేది. పిల్లలు ఫోన్‌ను బియ్యం డబ్బల దాచిపెట్టిండ్రు, అమ్మకు వినరావద్దని… నవ్వొస్తది ఇప్పుడు. ఇప్పుడు ఫోన్ మోగితె మోగిందనుకుంట. గంతే.

భయం పోయింది గానీ… ఒక్కటే పోలే మేడం. ఏడుపును గూడ ఎంటవెట్టుకోని పోయింది.

—

ఆ. ఏడుపొస్తలేదు. ఎంత జేసినా వస్తలేదు.

…మంచిదే గదా అంటరా?

మేడం, మా అక్క సచ్చిపోయింది.

…

ఏ అక్కనా?…

శ్యామలక్క. మా సొంతక్క. మీ తానికి నన్ను పట్టుకొచ్చింది ఆమెనే, యాద్‌కొచ్చిందా? ముక్కుపుల్ల పెద్దగ ఉంటది. మీరు మాట్లాడుతుంటె నడుమ నడుమ 'ఔనా తల్లీ, ఔనా తల్లీ' అన్నది. డాక్టరమ్మను తల్లీ అంటవేందే అని నేను కొంగు గుంజిన… ఆ, గామెనే. గామెనే మేడం.

బీమారి ఏం లేకుండె. రాత్రి పండుకున్నది పండుకున్నట్టే ఉన్నది. గుండె ఆగిపోయిందన్నరు.

—

అదే చెప్తున్న. మా బావ లింబయ్య ఫోన్ చేసిండు. నేను చాట ఒళ్ళె వెట్టుకోని కూసున్న. 'త్రివేణీ, మీ అక్క లేదిగ' అన్నడు.

గిది ఎవలకు చెప్పలే నేను. మీకే చెప్తున్న.

నా చేతుల ఒక బీడీ సగం చుట్టి ఉండె. గా బీడీని మొత్తం చుట్టిన. మొన మలిసిన. దారం కట్టిన. చాటల పెట్టిన. ఇంకో ఆకు చేతిలకు తీసుకున్న. గప్పుడు జకియా ఆపా అడిగింది, ఎవలు ఫోన్ల అని. మా అక్క సచ్చిపోయిందట ఆపా, అన్న. ఆపా చేతిలకెల్లి కత్తెర జారి కింద వడ్డది. అరుగు మీదనే కూలవడి ఏడ్సింది. పరాయామె ఏడుస్తున్నది మేడం, నేను ఆమె ఈపు మీద చెయ్యేసి ఊకో ఆపా, ఊకో అంటున్న.

…

ఆ, వచ్చిన. ఎంబడే బస్సెక్కిన. బస్సుల ఏం జేసిన్నో తెలుసా? నిద్రవోయిన. సొంతక్క పీనుగ కాడికి పోవుకుంట నిద్రవోయిన. దిగే తాన కండక్టర్ లేపిండు. మంచి నిద్రల ఉన్నవమ్మా అన్నడు. తప్పు ఆయనది కాదు, ఆయనకేమెరుక.

—

లేదు మేడం, షాక్ కాదు. అందరు గదే అన్నరు మొదలు, ఏడుపు గడ్డ కట్టింది, రేపు మాపు కరుగుతది అని. నాకు ఎరుకే, అది కాదు. లోపట ఏం గడ్డ కట్టలే. లోపట ఏం లేదు. ఉత్తగ ఉన్నది.

మా దాంట్ల గిదెంత పెద్ద సంగతో మీకు తెల్వది. మీ ముస్లింల దాంట్ల మయ్యత్ కాడ, పీనుగ కాడ, సబర్ చేయాలె, ఓర్సుకోవాలె, గొంతెత్తి ఏడ్వొద్దంటరట గదా. ఆపా చెప్పింది. మా తాన అట్ల కాదు. శోకం పెట్టాలె. ఊకె కొంగుతోని కండ్లొత్తుకుంటె నడవది. పోయినోళ్ళ మంచితనం మొత్తం ఎత్తుకోని, రాగం తీసి, ఒకల మెడల మీద ఒకలు వడి ఏడ్వాలె. నాకది మంచిగ వస్తది. గప్పాలు కొడుతలేను మేడం, మా వాడకట్టుల ఎవ్వలు పోయినా ముందుగాల నన్నే పిలుస్తరు. త్రివేణి రాంది పీనుగ లేవది అని నవ్వుతరు గూడ. ముఖం సరిగ తెల్వనోళ్ళకు ఏడ్సిన. కయ్యం పెట్టుకున్నోళ్ళకు ఏడ్సిన. ఒక ముసలామె బతికుండంగనే అడిగింది, నేను పోతె గా పాత నగల సంగతి ఎత్తకే త్రివేణీ, కోడలు మీద వడ్తది అని. గంత పేరు నాది. గసొంటి దాన్ని, సొంతక్కకు ఒక్క సుక్క రాల్వలే.

—

గదే మేడం. అందరికంటె ఎక్కువ… ఉమారాణి. మా అక్క బిడ్డ. ఒక్కతే బిడ్డ ఆమెకు. నేను గడపల కాలు పెట్టంగనే ఉరికొచ్చి నా మెడల వడ్డది. చిన్నమ్మా, అమ్మను లేపు అనుకుంట. మంది అంత సప్పుడు బంద్ జేసి నా దిక్కే సూస్తున్నరు, ఇగ త్రివేణి అందుకుంటది అని. నేను నోరు తెరిసిన. ఏమన్ననో తెలుసా?

'తిన్నవా బిడ్డా' అన్న.

…

పిల్ల నా ముఖం సూసింది. మెల్లగ చేతులు తీసేసింది. గప్పటి సంది నాతోని మాట్లాడుతలేదు మేడం. చాయ్ ఇస్తె తీస్కుంటది, తాగది. ఒకామె అననే అన్నది, అక్కాచెల్లెండ్లకు లోపలలోపల పడకుండెనేమో అని. ఉమ విన్నది గా మాట. కాదని అనలే.

పిట్టకు వెట్టిన్నాడు గూడ గంతే. అక్కకు ఇష్టమైనయన్నీ వండి ఆకుల పెట్టి నిలవడ్డం. కాకి వచ్చి ముట్టింది. ఇగ అందరు ఒక్కసారే గొల్లుమన్నరు. నేనేం జేస్తున్న? కాకి పప్పు ఇడిసిపెట్టి గారెలు ఏరుకుంటుంటె సూస్తున్న. హుషార్ కాకి అనుకున్న మనసుల.

మా ఆడిబిడ్డ అంజవ్వ చెవుల చెప్పింది, కంట్లె జర బామ్ రాసుకోవే, ఇజ్జత్ పోతది అని. రాసుకున్న మేడం. మీకు చెప్పుకోనీకి ఇజ్జత్ ఏంది. రాసుకున్న. నీళ్ళొచ్చినయ్. నీళ్ళే వచ్చినయ్.

—

ఆ… గదే చెప్పబోతున్న. తిట్టకుండ్రి. గోలి బంద్ వెట్టిన.

…ఎవలు చెప్తరు, నేనే. గోలి కడుపుల లేకపోతె ఏడుపు దానంతలదే వస్తది అనుకున్న.

రాలే. కరెంటొచ్చింది. తలకాయల జుమ్… జుమ్ అని షాక్ కొట్టినట్టు. తల ఇటు తిప్పినా గంతే, అటు తిప్పినా గంతే. కడుపుల తిప్పుడు. నిన్న వాకిట్ల తూలి పడబోతుంటె బావ వట్టుకున్నడు. మంది ఏమనుకున్నరో, ఇప్పటికన్న దుఃఖం వచ్చింది అనుకున్నరో ఏమొ. ఇద్దరు ముగ్గురు వచ్చి సుట్టు నిలవడ్డరు కూడ, ఆశతోని.

—

ఔ మేడం.

ఔ, తప్పే.

…ఔ. ఒక్కసారే ఇడిసిపెట్టొద్దని మీరు చెప్పిండ్రు. యాదున్నది.

ఏంది?… సచ్చిపోవాలెననా? లేదు లేదు. అట్లాంటి ఆలోచన లేదు. పిల్లలున్నరు, ఆయన ఉన్నడు. సచ్చిపోవాలె అనుకోనీకి గూడ ఏదో ఒకటి కొట్టుకులాడాలె గదా లోపట… లేదు మేడం, గట్ల కాదు, ఊకె అన్న. నిజంగ లేదు… వస్తె మీకే చేస్త. పిల్లల మీద ఒట్టు.

—

మళ్ళ ఏసుకోవాల్నా? ఇయ్యాల్నేనా?… తిన్నంక… సరే. తర్వాత మీ తానికి వస్తె మీరే మెల్లగ తగ్గిస్తరు… వేరే మందుకు మారుస్తరు. గా మందు గిట్ల జేయదా?… చేయకపోవచ్చు. సరే. సమజైంది.

అయితె ఏడుపు ఎప్పుడొస్తది?

…వారాలా?

మేడం, రేపు అక్క దినాలు.

రేపు సుట్టాలందరు వస్తరు. బోధన్ కెల్లి, ముప్కాల్ కెల్లి, కమ్మర్‌పల్లి కెల్లి. రేపు ఏడ్వాలె నేను. దినాలైనంక ఎవల ఇండ్లకు వాళ్ళు పోతరు. గప్పుడు ఒక్కదాన్నే బోధన్‌ల కూసోని ఏడిస్తె ఎవలు వింటరు? ఉమ వింటదా?

…ఒక్కటి అడుగుత, నవ్వద్దు. ఏడుపొచ్చేటందుకు సూది ఏమన్న ఉంటదా? నిజామాబాద్‌ల లేకపోతె హైదరాబాద్‌లనన్న? పొద్దుగాల్ల ఏసుకుంటె పగటన్నాల యాల్లకు పనిజేసేది.

—

లేదా.

ఏడుపును బంద్ జేసే మందు కనిపెట్టిండ్రు గానీ, రప్పిచ్చే మందు కనిపెట్టలే.

…ఏంది మేడం?

…గోలి చేసిన పని. నా మనసు కాదు.

మళ్ళొకసారి చెప్పుండ్రి.

…

లేదు, వినవడ్డది. మంచిగనే వినవడ్డది. ఊకె ఇంకోసారి చెప్పిచ్చుకున్న. రాత్రిళ్ళు నాకు గదే అనుమానం మేడం. నిజంగనే నాకు అక్క మీద పాయిరం లేదేమో అని. గోలి పేరు జెప్పుకోని తప్పిచ్చుకుంటున్ననేమో అని. మందుకు మనిషి మనసుల నుంచి సొంతక్కను గూడ తీసేసే తాకత్ ఉంటదా అని… ఉండదా?… అక్కను తీయలే, కండ్లకు వచ్చే తొవ్వనే మూసింది. గట్లనా.

సరే.

—

ఏమని ఏడుస్తుంటినా? ఇప్పుడా? ఫోన్లనా?

…మీ తాన పేషెంట్లు కూసున్నరేమో… సరే. మీరే అడిగిండ్రు.

మా అవ్వ నా చిన్నప్పుడే పోయింది, నన్ను పెంచింది అక్కనే. గాడికెల్లే ఎత్తుకుంటుంటి. మా బాపు చెరుకు బండి తోలేది. చక్కెర ఫ్యాక్టరీ నడిసిన కాలం. బండ్లు లైన్ల ఆగితె మేమిద్దరం ఎనుకకెల్లి పోయి ఒక గడ గుంజేది. అక్క పండ్లతోని తొక్క పీకేది. పెదవులు కోసుకపోయి నెత్తురొచ్చేది. మెత్తటి ముక్కలన్నీ నాకు పెట్టి ఆమె గనుపులు నమిలేది. నాకు గనుపులే ఇష్టమే అనేది. ఎవలకన్న గనుపులు ఇష్టముంటయా మేడం? అది నాకు పెండ్లయి పిల్లలు పుట్టినంక సమజైంది.

బీడీ చుట్టుడు ఆమెనే నేర్పింది. నీ చేతులు కట్టెలే అని తిడుతుండె… మీ తానికి పట్టుకొచ్చిన్నాడు బస్సు దిగి ఆటోల నా చెయ్యి ఇడిసిపెట్టలే. అక్కా, నాకు పిచ్చి లేసిందా అంటె, భయం ఎవలకుండదే, నాకూ వస్తది, నేను దానికి చాయ్ పోయ్య గంతే, అన్నది.

గివన్నీ రాగంల వస్తుండె మేడం. మొదలు వెడితె మంది కొంగులు తడిసిపోతుండె. ఇప్పుడు సూడుండ్రి, కిరాణా కొట్టుల సామాన్లు చెప్పినట్టు చెప్తున్న.

…

ఏంది మేడం?… ముక్కు చీదుకోని వస్తరా?

…సరే. సరే మేడం. ఏం ఫర్వాలేదు.

ఒక్క నిమిషం ఉండుండ్రి. ఎవలో వచ్చిండ్రు.

ఉమా?

ఏంది బిడ్డా… డాక్టరమ్మతోని మాట్లాడుతున్న. ఎంతసేపాయె వచ్చి?… మొత్తం విన్నవా.

కండ్లు సూడు, ఎట్ల ఉబ్బినయో. గా గోడకు ఆనుకోకు, తడి ఉన్నది… ఏమన్న కావాల్నా? వంటాయన పిలుస్తున్నడా?

…ఏంది?

మళ్ళ అను.

…నా గోలి?

ఒక్కటంటె ఒక్కటి. రేపటి ఒక్క రోజుకే… ఏడ్సి ఏడ్సి నీతోని అయితలేదా బిడ్డా. రేపు అంతమంది వచ్చి మెడల వడితె ఓర్సుకోలేనంటున్నవ్. నా తీరుగ అయితె మంచిగుంటుండె అంటున్నవ్.

నా తీరుగనా.

…

మేడం, విన్నరా?… పిల్లకు నా గోలి కావాల్నట… ఒకల మందు ఒకలు మింగద్దు, ఆ, మీరు చెప్పకున్నా ఇయ్య. మందు చెడ్డదని అంటలేను మేడం. నేను గోడ వట్టుకోని జారుతుంటె నిలవెట్టింది అదే. ఈమెక్కూడ అవసరం వడితె నేనే చెయ్యి వట్టుకోని మీ తానికి పట్టుకొస్త, మీరు సూసి చెప్పుండ్రి. గానీ ఇప్పుడీమెకున్నది బీమారి కాదు గదా. అమ్మ సచ్చిపోయింది.

ఇగో ఉమా, ఇటు రా. గోలి ఇయ్య. కోపం జేస్తె జెయ్యి, మాట్లాడకుంటె మాట్లాడకు. గోలి మాత్రం ఇయ్య… కూసో. ఈ బండ మీద కూసో.

నాకు మాటలున్నయ్ బిడ్డా, ఏడుపు లేదు. నీకు ఏడుపున్నది, మాటలు లేవు. గందుకే నీకు గంత బరువైతున్నది. నేను చెప్త, నువ్వు ఏడువు. రేపు గూడ గట్లనే జేద్దాం, నీ పక్కనే కూసోని చెవుల చెప్త. మీ అమ్మకు నా వంతుది గూడ నువ్వే ఏడువు.

అను. 'ఓ అమ్మా… వాకిలూడ్సిన చీపురు వాకిట్లనే ఉన్నదే…'

నా ముఖం సూడకు. అను.

'ఊడ్సిన చేతులు ఏడ వాయెనే అమ్మా…'

…

ఆ. గట్ల. ఆపకు.

…

హలో… మేడం, ఇంక లైన్లనే ఉన్నరా?… ఏంది?… ఎవలు ఏడుస్తుండ్రా?

నేను కాదు మేడం. పిల్ల.

…ఉంట.